వలిసె పూలు, సముద్రం, ఒక ఫ్లాస్కు

"హాలిడేకు పోవాలె మైకేల్. భార్యతోటి."

చీఫ్ వెంకటనర్సయ్య ఫైలులోంచి తలెత్తకుండానే అన్నాడు. నాంపల్లిలో టైర్ల దుకాణం పైన, బోర్డు లేని ఆఫీసు అది. మైకేల్ భార్య పోయి మూడేళ్లయింది. ఆ సంగతి చీఫ్‌కు తెలుసు. సమాధిలో మట్టి వేసిన చేతుల్లో ఆయనదీ ఒకటి.

"కవరా సార్?"

"ఔ, కవరే. రిటైరైనవ్. భార్యను తీసుకొని వైజాగ్ దిక్కు లగ్జరీ ట్రిప్ పోదామనుకుంటున్నవ్. ఆబిడ్స్‌ల ఒక ట్రావెల్ ఆఫీసు ఉంది, వాళ్లు ప్లాన్ చేస్తరు. ఆఫీసు ఉత్త తెర. దాని వెనక టైడ్‌లైన్ ఉంది."

టైడ్‌లైన్ విదేశీ ముఠా. దాని టార్గెట్ జయపాల్, మిస్సైల్ గైడెన్స్ ఇంజినీరు.

"ఆయన దేశం దాటాలంటే పర్మిషన్ గావాలె. అరకు పోనీకి ఎవని పర్మిషన్ గావాలె? గందుకే గా ట్రిప్పే అమ్మిన్రు. రైల్ల మొగుడూ పెండ్లాలకు మత్తుమందు. తెల్లారకముందే తునిల దింపుడు, రెండు వీల్‌చెయిర్లు, తీరంల పడవ. ఎవ్వరూ అడగరు."

"ట్రిప్ క్యాన్సిల్ చేయిస్తే?"

"ఇంకో ట్రిప్ అమ్ముతరు. మందు పెట్టేటోడు దొరకాలె. కోడ్‌నేమ్ సరంగు. మొఖం ఎవ్వరికీ తెల్వది."

"మన కాంటాక్ట్?"

"కేథరిన్. వాళ్ల ఆఫీసుల కూసొని మనకు కబురు పంపుతది. లేకుంటే మన పేరు చెప్పుకొని వాళ్లకు పంపుతది. ఏదో నాకింకా సమజ్ కాలె."

*

ఆబిడ్స్‌లో జీపీఓకు ఎదురుగా, రెండో అంతస్తు. ఏసీ ఉన్నా మైకేల్‌కు చెమట ఆగడం లేదు. చెవిలో వినికిడి యంత్రంలా కనిపించే రేడియో. కళ్లద్దాల ఫ్రేములో కెమెరా. వేషం వేసుకోవడం అలవాటే గానీ, లేని మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం ఇదే మొదలు. కాలు ఊపుతూ కూర్చున్నాడు.

కేథరిన్ వచ్చింది. పొట్టి జుట్టు, ముత్యం రంగు చీర, ఎవరినైనా ఒక్క చూపులో తూచేసే కళ్లు.

"మాకు సముద్రం కనబడాలి. చప్పుడు మాత్రం వినబడకూడదు," అన్నాడు మైకేల్. కోడ్.

"అలాంటి గది అక్టోబరులోనే దొరుకుతుంది సార్." కోడ్ కుదిరింది.

ఆమె టాబ్లెట్ తిప్పి చూపించింది. అరకులో పసుప్పచ్చగా విరగబూసిన వలిసె చేలు. కాఫీ తోట మధ్య చెక్క బంగళా. తరవాత భీమిలి తీరంలో తెల్లటి విల్లా, ఇసుకలోకి దిగే మెట్లు.

"మేడమ్‌కు కొండలిష్టమా, సముద్రమా?"

దీనికి కోడ్‌లో జవాబు లేదు. మైకేల్ కాలు ఊపడం ఆపాడు.

"సముద్రమే. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటుంది. చీకటి పడినా లేవదు."

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెను సముద్రానికి తీసుకెళ్లింది ఒక్కసారి. అదీ డ్యూటీలో.

తలుపు తెరుచుకుంది. జయపాల్, ఆయన భార్య రత్నమణి. ఆమె తలకు స్కార్ఫు. దాని అంచున వేలెడు కొత్త జుట్టు.

"గది ఖరారైందా కేథరిన్?" రత్నమణి కుర్చీ అంచున కూర్చుంది. "కిటికీ సముద్రం దిక్కే ఉండాలె. దవాఖానల ఎనిమిది నెలలు గోడనే చూసిన. ఇగ నీళ్లు చూడాలె."

"ఖరారైంది ఆంటీ."

రత్నమణి మైకేల్ వైపు తిరిగింది. "మీరూ పోతున్నరా సార్? అక్కను తీసుకొని పోతున్నరా? మంచిగ చేసిన్రు. మా ఆయనైతే నేను మంచం పట్టినంకనే ట్రిప్ మాట ఎత్తిండు."

"ఇప్పుడన్న ఎత్తిన గదనే," అన్నాడు జయపాల్.

"ఎల్లుండి బండెక్కేముందు ప్లాట్‌ఫాం మీద ప్రయాణపు ప్రార్థన ఉంది. మీరూ రాన్రి సార్," అంది రత్నమణి.

మెట్ల దాకా దిగబెట్టడానికి వచ్చిన కేథరిన్ గొంతు తగ్గించింది. "సరంగు స్టేషన్‌కే వస్తాడు, సాగనంపేవాళ్లలో కలిసిపోయి. వాళ్లు తాగేదాంట్లో మందు పెడతాడు. నాకు తెలిసింది ఇంతే."

"నిన్ను ఎందుకు నమ్మాలి?"

"నమ్మకండి. కానీ రండి."

*

నాంపల్లి స్టేషన్, సాయంత్రం. విశాఖ బండి ఫస్ట్ ఏసీ పెట్టె ముందు రత్నమణి వాళ్ల చర్చి సంఘమంతా చేరింది.

"సరంగు దొరికితే సరే," చెవిలో చీఫ్ గొంతు. "బండి కదిలేదాంక దొరకకుంటే మొగుణ్నీ పెండ్లాన్నీ దింపేస్త. ట్రిప్ బంద్."

మైకేల్ రత్నమణి వైపు చూశాడు. ఆమె పెట్టె పక్కనే నిలబడి, ఎవరో లాగేసుకుంటారన్నట్టు తలుపు కమ్మీ పట్టుకుని ఉంది.

కళ్లద్దాలు ఒక్కొక్క ముఖాన్నీ పాత నేరగాళ్ల ఫొటోలతో పోల్చి చూస్తున్నాయి. నో మ్యాచ్. నో మ్యాచ్. పాస్టర్ ఇజ్రాయేల్ అయ్యగారిని మాత్రం కొలంబోలో పరారైన నకిలీ పాస్‌పోర్టుల దొంగగా గుర్తుపట్టాయి. మైకేల్ కెమెరా ఆపేశాడు.

సామాన్ల దగ్గర రత్నమణి అక్క డోర్కాస్ నిలబడింది. రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. సూట్‌కేసు మీద మెరిసే స్టీలు ఫ్లాస్కు.

"నాలుగు దినాలకు గిన్ని సంచులేందే?"

"అండ్ల రెండు నీ పచ్చళ్లే గదక్కా." రత్నమణి మైకేల్‌ను చూసి నవ్వింది. "మీతోటి అక్క రాలేదా సార్?"

"రాలేదమ్మా."

అయ్యగారు చేతులెత్తాడు. "ప్రార్థన చేసుకుందాం."

తలలన్నీ ఒక్కసారిగా వంగాయి. కళ్లు మూతపడ్డాయి. మైకేల్ కళ్లు కూడా, చిన్ననాటి అలవాటు కొద్దీ. మరుక్షణం తెరిచాడు.

అయ్యగారి ప్రార్థన డ్రైవరును, గార్డును, దారిలోని వంతెనలను వరసగా దేవునికి అప్పగిస్తోంది. ఇంజను కూత వేసింది. అయ్యగారు అరకు సొరంగాల దాకా వచ్చాడు. మైకేల్ ఒక్కో వరసా వెతుకుతున్నాడు.

వంగిన తలల మధ్య ఒక తల నిటారుగా ఉంది. తెల్ల చొక్కా, చంకలో బైబిలు, సౌమ్యమైన ముఖం. అతని చేయి సంచిలోంచి ఒక స్టీలు ఫ్లాస్కు తీసి సూట్‌కేసు మీద పెట్టింది. అక్కడున్నదాన్ని సంచిలో వేసుకుంది.

సాయంత్రం వెలుగులో, ఇంతమంది మధ్య, ఎవరూ చూడని నిమిషం. సరంగు సరిగ్గానే లెక్క వేసుకున్నాడు.

ట్రావెల్ ఆఫీసు తరఫున సాగనంపడానికి వచ్చి, గొడుగుతో నిలబడిన కేథరిన్ మీదకు మైకేల్ చూపు వెళ్లింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఎవరూ చూడటం లేదనుకున్న మనిషి ముఖం అది. ఆమె తమ వైపేనని మైకేల్‌కు నమ్మకం కుదిరింది.

"ఆమేన్."

బండి కుదుపుతో కదిలింది. చేతులు చేతులు కలిసి సంచులు లోపలికి, దంపతులు లోపలికి. మైకేల్ సరంగు భుజం మీద చేయి వేశాడు. "బ్రదర్, ఆ ఫ్లాస్కు మీది కాదు."

అతని మోచేయి మైకేల్ పక్కటెముకల్లో దిగింది. సరంగు కదులుతున్న పెట్టె వైపు దూకాడు. కేథరిన్ గొడుగు వంపు అతని చీలమండకు తగులుకుంది. పడ్డవాడి మీద కూలీల వేషంలో ఉన్న ఏజెంట్లు పడ్డారు.

అప్పుడు తట్టింది మైకేల్‌కు. మత్తుమందు ఫ్లాస్కు బండెక్కేసింది.

అరుస్తూ బండి పక్కన పరుగెత్తాడు. తలుపు దగ్గర చేయి ఊపుతున్న రత్నమణి చెవి ఒగ్గింది. "ఏంది సార్?" పెట్టె దాటిపోయింది.

"మైకేల్, వచ్చే స్టేషన్‌ల దింపేయాల్నా?" చెవిలో చీఫ్. ఔనంటే ఆమె మళ్లీ గోడనే చూస్తుంది. మైకేల్ నోరు తెరిచాడు.

"ఏంది సార్, గా ఉరుకుడు గీ ఫ్లాస్కు కోసమేనా?"

డోర్కాస్. చేతిలో స్టీలు ఫ్లాస్కు.

"నా కొత్త ఫ్లాస్కు ఎత్తుకపోయి, ఎవలదో పాతది పెట్టిండు. చంకల బైబిలు, చేసేది దొంగతనం. ఎవలో తాగిన దాంట్ల నా చెల్లె తాగుడేంది? నేను ఎక్కనియ్యలె. రైల్ల చాయ్ దొరకదా?"

"దింపొద్దు సార్," అన్నాడు మైకేల్ రేడియోలో. ఊపిరి అందాక ఆమెను అడిగాడు. "ప్రార్థనలో ఉన్నరు గదక్కా. ఎట్లా చూసిన్రు?"

డోర్కాస్ అయ్యగారు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుంది. "నాంపల్లి స్టేషన్ల సామాన్లు పెట్టుకొని రెండు కండ్లూ మూస్తరా ఎవలన్నా? ఒకటి మూసిన."

తెగిన చెప్పు చేత్తో పట్టుకుని కేథరిన్ పక్కకు వచ్చింది. "భీమిలిలో ఆ గది నిజంగానే ఉంది సార్. ఒక్కరికైనా ఇస్తారు."

మైకేల్ ఆ చెప్పు వైపు కాసేపు చూశాడు. "సముద్రం వైపేనా?"

"సముద్రం వైపే."

చెవిలో చీఫ్ తొందర. "కేసు ఏమని రాయాలె? గూఢచర్యమంటే ఢిల్లీ ఆర్డర్ వచ్చేదాంక ఆగాలె."

"అప్పటిదాకా ఫ్లాస్కు దొంగతనమని రాయండి సార్. కళ్లారా చూసిన సాక్షి ఉంది. అయ్యగారు వినకుండా అడిగితే చెబుతుంది."