పోలీసు వైర్‌లెస్‌లో ఆయ్

"మూడూ నలభైకి డ్రోన్ లేస్తుంది. దాని గురి మంచినీళ్ళ ప్లాంటు. నేలమీదే ఆపాలి. ఓవర్."

చీఫ్ గొంతు ఆగింది. కువైట్ హవల్లీలో ఏజెంట్ టిమోతి వ్యాన్ స్టార్ట్ చేశాడు. ఒంటిమీద లాండ్రీ యూనిఫాం. పక్కన ఇస్త్రీపెట్టె, దాని పొట్టలో స్కానర్, డ్రోన్ సిగ్నల్ని ఆపే జామర్. దారి పొడుగునా పోలీసుల మాటలన్నీ స్కానర్లో వినిపిస్తాయి.

"అమ్ఘరాకి పోనియ్ టిమ్," అంది హెలెన్ లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. ఆరు నెలలుగా ఈ కేసులో అతని పార్ట్‌నర్. "అచ్చిబాబు ఇందాకే ఫోన్ చేశాడు. డ్రోన్‌ని అక్కడి తుక్కు యార్డుకి మార్చారట."

 విదేశీ ముఠా కబ్ద్‌లో అద్దెకు తీసుకున్న ఫారంలో అచ్చిబాబు ఒంటెల కాపరి. కోనసీమ మనిషి. పన్నెండేళ్ళుగా అరబ్బీ ఇళ్ళలో ఉండి, ఆ భాష వాళ్ళలాగే మాట్లాడతాడు. ఇఖామా, అంటే నివాస పర్మిట్, గడువు దాటి బిక్కుబిక్కుమంటున్న ఆ మనిషికి, "నేను పెద్ద ఆఫీసర్ని. రెన్యూ చేయిస్తా. ఫారంలో ఏం జరుగుతోందో చెప్తుండు," అని టిమోతి ఆశ పెట్టాడు. అంతా అబద్ధం.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు అచ్చిబాబు.

"మాటకో ఆయ్ ఏంటయ్యా? ఎప్పుడో నీ కొంప ముంచుతుంది," అని టిమోతి నవ్వాడు కూడా.

స్కానర్ గరగరలాడింది. అరబిక్‌లో ఎవరో చెబుతున్నారు.

"ప్యాట్రోల్ పదకొండు. కబ్ద్ ఫారాలన్నీ చూశాం. ఏమీ లేదు. ఖలాస్."

"సరే, వెనక్కి వచ్చెయ్," అంది కంట్రోల్ రూమ్.

"ఆయ్."

టిమోతి ఆ మాట గుర్తుపట్టాడు. ఆ గొంతు పోలీసుది కాదు. ముఠా దొంగ వాకీటాకీ ముందు, కణతకు వాళ్ళ తుపాకీ ఆనుతుండగా, పోలీసులా మాట్లాడుతున్న అచ్చిబాబు! అంటే డ్రోన్ ఇంకా కబ్ద్ ఫారంలోనే ఉంది. అతను తన మనిషని తెలిసింది ఒక్క హెలెన్‌కే. అమ్ఘరాకి పొమ్మన్నదీ ఆమే.

హెలెన్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. టిమోతి బ్రేక్ తొక్కాడు. ఆమె చేతిలోని పిస్టల్ ఎగిరి కిందపడింది. మరుక్షణం ఆమె మణికట్టు డోర్ హ్యాండిల్‌కి బేడీలతో బిగిసింది.

"అతను నిన్ను నమ్మాడు హెలెన్!"

"నిన్నూ నమ్మాడు," నవ్విందామె. "ఇద్దరం వాడికి అబద్ధమే చెప్పాం. తేడా ఏముంది టిమ్?"

 చీఫ్‌కి కబురు చెప్పి, టిమోతి వ్యాన్‌ని కబ్ద్ వైపు తిప్పాడు.

మూడూ ముప్ఫైతొమ్మిది. అసలు పోలీసులు ఫారం గోడ దూకుతున్నారు. మూడూ నలభై కాగానే డ్రోన్ మూరెడు లేచింది. టిమోతి ఇస్త్రీపెట్టె మీది డయల్‌ని సిల్క్ నుంచి కాటన్‌కి తిప్పాడు. జామర్ పనిచేసింది. డ్రోన్ ఇసుకలో బోర్లాపడింది.

కట్లు విప్పుతుంటే అచ్చిబాబు దణ్ణం పెట్టాడు.

"తమరు మానుకోమన్నారు గానండి, నోరు జారి ఆయ్ అనేశాను. ఏమనుకోకండేం. మరి నా ఇఖామా పనైపోద్దాండి?"

నిజం చెప్పాలనే టిమోతి నోరు తెరిచాడు. బయటికి వచ్చింది మాత్రం ఒక్కటే మాట.

"ఆయ్."