ఏనుగుతోనూ ఆట కట్టే

మూసీకి వరదొచ్చి గేట్లన్నీ ఎత్తిన ఏడు అది. రోగం భయానికి ఆఫీసులు తెరవలేదు. దయాకర్ పానగల్‌కు వచ్చి, తల్లి పుల్లమ్మ మగ్గం పక్కనే కుర్చీ వేసుకొని, ఫోన్లో ఆడుకునేవాళ్ల కోసం చదరంగం పజిళ్లు తయారు చేసేవాడు. అదీ ఒక ఉద్యోగమే. ప్రతి పజిల్ కింద తన పేరు పెట్టుకునేవాడు. పేరు పెట్టుకోవడానికి ఉన్న ఓపిక సరిచూడడానికి లేదు.

ఎదురింటి స్వర్ణలత ఆ పజిళ్లన్నీ ఆడేది. ఆమె ఆడుతుందనే అతను తయారు చేసేవాడు. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం లేదు. పెద్ద మొనగాడు.

కొడుకు సంగతి కనిపెట్టిన పుల్లమ్మ, మర్నాడు వాళ్లింటికి పిల్లనడగడానికి పోదామనుకుంది. ముందుగా ఇద్దరినీ పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకడానికి కూర్చోబెట్టింది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ అయిపోయేదాకా లేవకూడదు. మొదలుపెట్టినవాళ్లే ముగించాలి. అది వాళ్ల ఇళ్లలో పట్టింపు.

బయట వాన. పోగు అందుకుంటుంటే వేళ్లు తగిలాయి. దయాకర్ ఏదో అనబోయి దగ్గాడు.

స్వర్ణలతే నిన్నటి పజిల్ సంగతి ఎత్తింది. ఆఖరి గడికి చేరిన బంటును కోరిన పావుగా మార్చుకోవచ్చు; ఆమె ఏనుగు చేసింది. ఆట కట్టింది. ఫోన్ మాత్రం తప్పు అని ఎర్రగా చూపించింది. మంత్రినే చేయాలట.

"రాజు కదుల్తడా?" అని అడిగింది.

"కదలడు."

"మరి నాదెట్ల తప్పయింది, ఇంజనీరు సారూ?"

"మంత్రి దొరుకుతుంటే ఏనుగునెవరు చేస్తరు?"

"నేను చేసిన. ఆట కట్టిందా, లేదా?"

దయాకర్ సిస్టం అన్నాడు, లాజిక్ అన్నాడు, యూజర్ ఎక్స్‌పీరియన్స్ అన్నాడు. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేచోట ఇంత ఇంగ్లిష్ ఒలకబోశాడు.

స్వర్ణలత చేతిలోని పోగు వదిలేసి లేచింది. వంటింట్లోంచి పుల్లమ్మ పరుగున వచ్చింది.

"రేపు మీ అమ్మ మా ఇంటికొస్తదని నాకెరికే. గింత తప్పు ఒప్పుకోనోడు, సంసారంల గూడ తన జవాబొక్కటే కరెక్టంటడు. నేనొద్దంట."

వానలోనే వెళ్లిపోయింది. సగం అతికిన పడుగు అట్లాగే ఉండిపోయింది.

"ఏమన్నవురా బిడ్డను?" అంది పుల్లమ్మ.

చదరంగం గురించి అని చెప్పాడు. కొడుకును అంత చదివించినందుకు ఆమె తనను తానే తిట్టుకుంది.

తెల్లవారి దయాకర్ ఆ పజిల్ కింద అందరికీ కనబడేటట్టు రాశాడు: 'దీనికి రెండు జవాబులున్నాయి. ఏనుగుతోనూ ఆట కట్టే. తప్పు చేసింది నేను. పట్టుకున్నది పానగల్ స్వర్ణలత.' తర్వాత తల్లిని ఆగమని, తానే వాకిలి దాటి ఎదురింటికి పోయాడు. స్వర్ణలత చేతిలో ఫోన్ ఉంది.

"పోగులు మిగిలినయి. వస్తవా?"

"నీ సిస్టం ఒప్పుకున్నదా?"

"నేను ఒప్పుకున్న."

ఆమె వచ్చి తన చోట కూర్చుంది. దయాకర్ ఎదురుగా కూర్చొని, నిన్న ఆమె వదిలేసిన పోగు కొస వెతికి ఆమె చేతికిచ్చాడు.