కలకత్తా సున్నా

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు చిలకమ్మ టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తెర మీద నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు తప్ప ఇంకేమీ లేవు.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఆ వరస క్వార్టర్స్ అన్నిటికీ అదొక్కటే టీవీ. చిలకమ్మ వాళ్ల నాన్న గణపతిరావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. టీవీ కొన్నాక ఇంటి కప్పు మీద పొడవాటి ఇనుప గొట్టం నిలబెట్టి, దాని కొసన ఏంటెన్నా బిగించాడు. అంత ఎత్తున ఉంటే గానీ కలకత్తా బొమ్మ ఖరగ్‌పూర్‌కి అందదు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు కలకత్తా నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్ చూపిస్తారు. పక్కింటి పోలమ్మ కొడుకు దేముడు అందులో గోల్‌కీపర్. ఆట కోసం కలకత్తా వెళ్లి ఏడాదయినా సెలవు దొరకలేదని ఒక్కసారీ రాలేదు. "బాగున్నాను, బాగా తింటన్నాను" అని నెలనెలా కార్డు మాత్రం రాస్తాడు. పోలమ్మ పొద్దున్నే తలంటుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. కొడుకే తనని చూడబోతున్నట్టు!

"అత్తకి దేముడన్న మొహం అద్దంలాగ కనపడాల" అనుకుంది చిలకమ్మ. పదేళ్ల పిల్లే గానీ, పట్టు పట్టిందంటే వదలదు. ముందున్న నాబ్‌లన్నీ తిప్పింది. చుక్కలు పోలేదు. నాన్న ముట్టుకోవద్దన్న వెనక నాబ్‌లు కూడా తిప్పింది. చుక్కలు నల్లబడ్డాయి, తెల్లబడ్డాయి, కానీ పోలేదు.

పోవు మరి! కలకత్తా వాళ్లు అప్పటికింకా ఏ బొమ్మా పంపడం లేదు. రాని బొమ్మని సరిచేయడం ఎవరి తరం? ఆ సంగతి మన చిలకమ్మకు తట్టలేదు.

నాలుగు గంటలకు గది నిండా జనం చేరారు. కార్యక్రమాలు మొదలయ్యే ముందు కలకత్తా వాళ్లు రోజూ తెర మధ్య ఒక పెద్ద సున్నా చూపిస్తారు. ఆ రోజు ఆ సున్నా కోడిగుడ్డులా నొక్కుకుపోయి, ఆగకుండా పైకి దొర్లిపోతోంది.

"ఏటయినాది? నిన్న బాగానే ఉన్నాది కదా!" అన్నాడు గణపతిరావు.

చిలకమ్మ టీవీ దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేసింది. "కలకత్తావోళ్లే సరిగ్గా పంపట్నేదు నాన్నా" అనేసింది.

పోలమ్మ మొహం వాడిపోయింది.

"గాలికి ఏంటెన్నా తిరిగిపోనాదేమో, ఎక్కి సూస్తాను" అని గణపతిరావు బయట నిచ్చెన వేశాడు. "దాన్ని ఒకసారి కదిపితే మళ్లీ దారికి తెచ్చేసరికి మ్యాచ్ అయిపోతాది. ఏటి సేస్తాం!"

"ఎండలో ఎక్కకు అన్నయ్యా, కాలు జారితే ఎలాగ? నాకు సూసే రాత నేదనుకుంటాను" అంది పోలమ్మ.

ఆ మాటతో చిలకమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. ఒక్క పరుగున బయటికి వచ్చింది.

"నాన్నా! ఏంటెన్నా కదపకు! కలకత్తావోళ్ల తప్పు నేదు. నాబ్‌లన్నీ నేనే తిప్పినాను. ఎనకవి కూడా. అబద్ధమాడినాను!"

గణపతిరావు నిచ్చెన సగంలో ఆగిపోయాడు. మెల్లగా దిగాడు. వీపు మీద ఒకటి పడుతుందని చిలకమ్మ కళ్లు మూసుకుంది.

"ఎప్పుడు తిప్పినావు?"

"రెండు గంటలకి."

"అప్పుడు బొమ్మ వస్తన్నాదా?"

"నేదు. సుక్కలే."

"బండి రాకుండానే జెండా ఊపినావన్నమాట!" అన్నాడు నాన్న. నవ్వలేదు, కొట్టలేదు. "రా. తిప్పిందానివి నువ్వే సరిసెయ్యి. ఇంకా పావుగంట ఉన్నాది."

లోపలికి వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ సున్నాని అక్కడ గుండ్రంగానే పంపతారు. మన టీవీలో గుడ్డులాగ ఉన్నాదంటే తప్పు మనదే. గుండ్రంగా వచ్చేదాకా తిప్పు. ఒక్కొక్కటే తిప్పు."

చిలకమ్మ టీవీ వెనక చేరింది. మొదటి నాబ్ తిప్పితే సున్నా దొర్లడం ఆగింది. రెండోది తిప్పితే సున్నా సొరకాయలా సాగింది. వెనక నుంచి తెర కనపడదు. తిప్పడం, ముందుకు పరుగెత్తి చూడడం, మళ్లీ వెనక్కి పోవడం. వేళ్లకు చెమట పట్టింది. అయినా వదల్లేదు. వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి పోలమ్మ చేతికిచ్చింది.

"అత్తా, దీన్ని సున్నా మధ్యన పట్టుకో. సుట్టూ సందు సమానంగా ఉన్నాదో నేదో సెప్పు."

"కింద ఎక్కువున్నాదే... ఇంకొంచెం... అయ్యో, దాటిపోనావు... ఆ, ఆ! ఇప్పుడు సమానం!"

గణపతిరావు వంగి చూసి తలూపాడు. చిలకమ్మ గౌనుకు చేతులు తుడుచుకుంది.

మ్యాచ్ మొదలైంది. ఆటగాళ్లు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్క మొహమే వస్తోంది. పోలమ్మ చటుక్కున లేచి నిలబడింది.

"ఓలమ్మో, నా బాబు! ఇలాగ సిక్కిపోనాడేటి? సిలకా, ఇంకాస్త తిప్పవే. బొమ్మ సన్నంగా వస్తన్నాది!"

అందరూ చిలకమ్మ వైపు చూశారు. వెనక నాబ్‌ని కొంచెం తిప్పితే చాలు, దేముడు బొద్దుగా అయిపోతాడు. అత్త సంతోషిస్తుంది. చిలకమ్మ చెయ్యి టీవీ దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చేసింది.

"నేదత్తా. సున్నా గుండ్రంగానే ఉన్నాది. నువ్వే పళ్లెం పట్టి సూసినావు కదా. టీవీ తప్పు కాదు, దేముడన్నే సిక్కిపోనాడు."

పోలమ్మ తెరకు దగ్గరగా వంగి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"బాగా తింటన్నానని రాస్తన్నాడే! దొంగగుంటడు!"

అంతలో దేముడు గాల్లోకి ఎగిరి బంతిని ఒడిసి పట్టాడు. గదంతా కేకలతో దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా అరిచింది పోలమ్మే.

ఆట సగంలో ఆగినప్పుడు చిలకమ్మ కార్డూ పెన్నూ తెచ్చుకుని పోలమ్మ పక్కన కూర్చుంది.

"సెప్పత్తా, రాస్తాను. 'ఎలాగున్నావు' అని మొదలెట్టనా?"

"అలాగ అడక్కు. 'నిన్ను కళ్లారా సూసినాను' అని రాయి."

చిలకమ్మ ఉన్నదున్నట్టు రాసింది.