శుక్రవారం మాత్రమే కదిలే ఇల్లు

"మొన్న బుధవారం మధ్యాహ్నం మీ ఇంట్లో గిన్నెలు మోగినయా అండి?"

పొద్దున పదింటికి తలుపు కొట్టి అడగవలసిన మాట కాదది. ఇందుజ కుట్టుమిషన్ మీదినుంచి తలెత్తింది. ముందర చీర లేసు సగంలో ఉంది, పళ్ల మధ్య రెండు గుండుసూదులున్నాయి. గుమ్మంలో నిలబడ్డవాడికి మెడలో ఐడీ కార్డు, చేతిలో రాత అట్ట, వాన నీళ్లు కారుతున్న జుట్టు.

ఇందుజ సూదులు తీసి డబ్బాలో వేసింది. "లేదు. మోగలే. మీరెవరు, గిన్నెల పోలీసా?"

"భూకంపాల ఆఫీసు నుంచి వచ్చిన. పేరు భరద్వాజ్. మాది జగిత్యాల. బుధవారం రెండున్నరకు చిన్న భూకంపం వచ్చింది. ఎవరికి ఎంత తెలిసిందో రాసుకోవాలె."

"రాలేదు."

"వచ్చిందండి. మా మిషన్‌లో పడింది."

"మీ మిషన్‌కు వచ్చిందేమో. మాకు రాలే. రాసుకోండ్రి."

భరద్వాజ్ దీనంగా చూశాడు. "ఈ గల్లీలో ఇరవై ఇండ్లు తిరిగిన. అందరూ రాలేదనే అంటున్నరు. మా సారు నేను చాయ్ హోటల్లో కూసోని ఫారాలు నింపుతున్న అనుకుంటడు."

"మీరే భూకంపాలు పుట్టించి నౌకరీ కాపాడుకుంటున్నరేమో అని నేననుకుంటున్న."

లోపలినుంచి నర్సవ్వ కేకేసింది. "ఎవరే పోరీ? తెలుగోడా? లోపటికి రమ్మను, చాయ్ తాగి పోతడు."

నర్సవ్వ ఇందుజకు నాయనమ్మ. సూరత్‌లో, భేస్తాన్‌లోని ఆ గల్లీకి ఆమె వచ్చి నలభై ఏళ్లు. కింద బిక్షపతి మరమగ్గాల కార్ఖానా, పైన వీళ్ల రెండు గదులు. ఆమె కొడుకు దశరథ ఆ కార్ఖానాలోనే మేస్త్రీ. మగ్గాలను అక్కడందరూ సాంచాలంటారు. ఇంట్లో ఉప్పు కొనాలన్నా నర్సవ్వ మాటే చివరి మాట.

భరద్వాజ్ చాప మీద కూర్చున్నాడు, చాయ్ కప్పు అందుకున్నాడు, ఒక్క గుటక వేశాడు. అంతే. అటక మీద స్టీలు గిన్నెలు గణగణ మోగాయి. గోడ మీద క్యాలెండర్ ఊగింది. గట్టిగా మూడు లెక్క పెట్టేలోగా ఆగిపోయింది.

నర్సవ్వ ముఖం తెల్లబోయింది. రెండువేల ఒకటిలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆమె మెట్లన్నీ చెప్పుల్లేకుండా దిగి, పక్క సందులో ఇల్లు కూలడం కళ్లారా చూసింది. ఆ రోజు నుంచి భూమి మీద ఆమెకు నమ్మకం తగ్గింది.

"చూసినవా? వీడు అడుగు పెట్టంగనే ఇల్లు కదిలె!"

"అవ్వా, అది నా వల్ల కాదు..."

"ఇప్పుడు మోగినయి" అంది ఇందుజ నవ్వాపుకుంటూ. "రాసుకోండ్రి."

* * *

తర్వాతి శుక్రవారం మళ్లీ వచ్చాడు. మగవాళ్లు ఇళ్లలో దొరికేది ఆ రోజే అని అతని సారు చెప్పాడట. ఇందుజకు మాత్రం, మగవాళ్ల కోసం వచ్చినవాడు తన కుట్టుమిషన్ పక్కనే ఎందుకు తచ్చాడుతున్నాడో అర్థం కానట్టు నటించడం సరదాగా ఉంది.

గల్లీ జనమంతా అతని చుట్టూ చేరారు. ప్రతివాళ్ల దగ్గరా ఒక కారణముంది.

"మెట్రో తవ్వుతున్నరు కదా, దాంతోనే" అన్నాడు దశరథ.

"కాదు మేస్త్రీ, పక్క గల్లీ శేఠ్ కొత్త మిషన్లు దింపిండు. అవి ఏనుగులంత ఉన్నయి" అన్నాడు బిక్షపతి.

"మరి మీరేమంటరు సారూ?" అడిగింది ఇందుజ, లేసు మీదినుంచి కళ్లెత్తకుండానే. కళ్లెత్తితే అతను మాట మరిచిపోతాడని ఆమె అప్పటికే కనిపెట్టింది.

"భూమి లోపల రాయి ఒకటే ముక్కగా ఉండదు. పాత పగుళ్లుంటయి. రెండు దిక్కులా ఒత్తిడి పడి, పడి, ఒక దగ్గర పట్టు జారుతది. ఆ జారుడే ఈ కదలిక. వానాకాలం నీళ్లు పగుళ్లలోకి దిగితే ఇంకా సులువుగా జారుతదని కొందరంటరు."

"అంటే మీకు ఖాయంగా తెలవదు."

"ఎక్కడ జారిందో చెప్పగలం. ఎప్పుడు జారుతదో చెప్పలేం." అతను గొంతు తగ్గించాడు. "కొన్నిసార్లు ముందు తెలవదు. ఒకరోజు చాయ్ తాగుతుంటే అయిపోతది."

ఇందుజ కళ్లెత్తింది. అతను నిజంగానే తర్వాతి మాట మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడే కిటికీ తలుపులు టకటకలాడాయి. నర్సవ్వ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "మళ్లొచ్చిండా వాడు?"

* * *

మూడో శుక్రవారం అతను ఒక్కడే రాలేదు. జగిత్యాల నుంచి తల్లి స్వరాజ్యాన్ని తీసుకొచ్చాడు. కులం కలిసింది, దశరథకు పిల్లవాడు నచ్చాడు, ఇందుజ ఏమీ అనకుండా కొత్త చీర కట్టుకుంది. ఇంకేం కావాలి?

స్వరాజ్యం కుంకుమ భరిణె మూత తీసి, వేలు ముంచి, అమ్మాయి నుదుటి దాకా తెచ్చింది. చాప కింద నేల వణికింది. బొట్టు నుదుటి మీద కాక ముక్కు చివర పడింది.

నర్సవ్వ లేచి నిలబడింది. "బిడ్డా స్వరాజ్యం, నువ్వు మంచిదానివి. నీ కొడుకూ మంచోడే. కాని మూడుసార్లు వచ్చిండు, మూడుసార్లు భూమి కదిలింది. వాడు రాని దినం ఒక్క గిన్నె కదల్లే. ఇంత పెద్ద అపశకునం పెట్టుకొని నా మనుమరాలిని ఎట్లియ్యను?"

దశరథ తల్లికి ఎదురు చెప్పి ఎరగడు. చాయ్ కప్పులు లోపలికి పోయాయి. పై నెల ఒకటో తారీఖుకు భరద్వాజ్‌కు గాంధీనగర్ బదిలీ. అప్పటికి పన్నెండు రోజులున్నాయి.

* * *

మంగళవారం అతను సెలవు పెట్టి వచ్చాడు, పోయేముందు ఒక్కసారి మాట్లాడదామని. గల్లీ మలుపు తిరగ్గానే ఏదో మోతకు చెవులు మూతపడ్డాయి. మెట్లెక్కి గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. ఇందుజకు పెదవులు కదలడమే కనిపించింది.

"ఏంది? గట్టిగా చెప్పు!"

అతను ఆసరాకని గోడ మీద చెయ్యి వేశాడు. గోడ వణుకుతోంది. కాలి కింద నేల వణుకుతోంది. అతని ముఖంలో రంగు పోయింది.

"భూకంపం! బయటికి నడువు!"

అంటూనే ఇందుజ చెయ్యి పట్టుకుని మెట్లన్నీ దించి గల్లీ నడిమధ్యలో నిలబెట్టాడు. ఒక చేత్తో ఆమెను పట్టుకుని, రెండో చేత్తో జనాన్ని రమ్మని పిలుస్తున్నాడు. జనం రాలేదు. బిక్షపతి కార్ఖానా వాకిట్లో నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏమైంది సారూ? సాంచాలు నడుస్తున్నయి! భూకంపాల ఆఫీసరుకు సాంచాకూ భూకంపానికీ తేడా తెలవదాయె!"

భరద్వాజ్ చెయ్యి వదలకుండానే ఇందుజ వైపు తిరిగాడు. "రోజూ ఇట్లనే వణుకుతదా ఇల్లు?"

"రోజూ. నేను పుట్టినప్పటినుంచి. శుక్రవారం ఒక్కటి తప్ప. ఆ దినం సాంచాలకు సెలవు..."

వాక్యం సగంలో ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బుధవారం వచ్చింది" అన్నాడు అతను మెల్లగా. "సోమవారం రెండుసార్లు వచ్చింది. సాంచాల వణుకులో మీ గల్లీకి తెలవలే."

"శుక్రవారం వచ్చినవే తెలిసినయి. నువ్వూ శుక్రవారమే వచ్చినవ్." ఆమె నుదురు కొట్టుకుంది. "మూడు డిగ్రీలు చదివినవ్, ఇంత చిన్న సంగతి నీకెట్ల తట్టలే?"

"సాంచాలు నడవంగ ఈ గల్లీని నేనెప్పుడు చూసిన? ఇవ్వాళే కదా. అయినా రెండు డిగ్రీలే."

"అయితే తక్కువే చదివినవ్. చెయ్యి ఇడువు, అందరు చూస్తున్నరు."

వదిలాడు. వదిలాక ఆమెకే బాగా అనిపించలేదు.

* * *

నర్సవ్వ ముందు భరద్వాజ్ తారీఖుల కాగితం పరిచాడు. ఆమె దాన్ని మడిచి అతని జేబులోనే పెట్టింది. "కాయితం నీది, పెన్ను నీది. నీకు కావల్సిందే రాసుకుంటవ్."

అప్పుడు ఇందుజ అడ్డం వచ్చింది. "అవ్వా, బార్డోలీల నళిని అత్త ఇంటికి పో. ఆడ సాంచాల్లేవు, చెరుకు తోటలే. నాలుగు దినాలు ఉండు. ఇతను బార్డోలీ దిక్కు తొంగి చూడడు. నాలుగు దినాల్లో భూమి కదలకుంటే నువ్వు చూపెట్టినోణ్ణే చేసుకుంట."

"మాట?"

"మాట."

మెట్ల మీద భరద్వాజ్ తల పట్టుకున్నాడు. "ఎంత పని చేసినవ్! ఎప్పుడు వస్తదో ఎవరికీ తెలవదని చెప్పిన కదా? రేపటినుంచి మొత్తం ఆగిపోతే?"

"ఇంతకన్న వేరే తొవ్వ ఉందా? నువ్వు చెప్పు."

అతను చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు వాన తప్ప ఏమీ రాలేదు. మూడో రోజు సాయంత్రం భరద్వాజ్ ఫోన్ చేశాడు. గొంతు దొంగతనం చేసినవాడిలా ఉంది.

"ఇందుజా, ఇవ్వాళ గుడికి పోయిన. ఒక్కటి పంపు స్వామీ, గిన్నెలు మోగేంత, ఎవరికీ దెబ్బ తగలనంత అని మొక్కిన. మా ఆఫీసుల తెలిస్తే ఉద్యోగం ఊడుతది."

ఇందుజకు నవ్వు రాలేదు. ఆమె లేసు మీద కుట్టు మూడుసార్లు తప్పింది, మూడుసార్లు విప్పింది. నర్సవ్వ దగ్గర ఇప్పటికే భివండీ సంబంధం ఒకటి సిద్ధంగా ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. నళిని అత్త నంబరు. మాట్లాడింది నర్సవ్వ.

"వాడేడీ?"

"ఎవరవ్వా?"

"ఎవరేంది! ఆ భూకంపపోడు. ఇప్పుడే మంచం కదిలింది, గోడ మీది పటం ఒంకర అయింది. వాడు ఈడ్నే ఎక్కడనో ఉన్నడు. మీ అత్తను చెరుకు తోటంత దేవులాడమని పంపిన."

ఇందుజ కుట్టుమిషన్ ఆపింది. "అవ్వా, అతను సూరత్ ఆఫీసుల ఉన్నడు."

"నమ్మ. ముఖం చూపెట్టమను."

ఇందుజ అతన్నీ కలిపి వీడియో కాల్ చేసింది. తెర మీద భరద్వాజ్, వెనక బీరువా, పక్కన ఆశ్చర్యంగా చూస్తున్న అతని సారు.

"లేచి నిలబడు" అంది నర్సవ్వ. నిలబడ్డాడు. "కిటికీల కెల్లి ఏం కనవడ్తుందో చూపెట్టు." చూపెట్టాడు. ఫ్లైఓవరు, సిటీ బస్సు, చీరల మూటలతో ఆటో. "ఆ కూసున్నాయన ఎవరు? ఆయనతోని చెప్పించు." గుజరాతీ సారు హిందీలో, ఈ అబ్బాయి పొద్దున్నుంచి కుర్చీ దిగలేదని సాక్ష్యం చెప్పాడు.

నర్సవ్వ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. భయమంతా దిగిపోయాక ఆమె ముఖంలో మిగిలింది ఒక రకమైన నిరాశ.

"అంటే నువ్వు లేకున్నా కదులుతదన్నట్టు."

"అవునవ్వా. నాకూ దానికీ సంబంధం లేదు."

"నేనేమో నువ్వేదో బలమైనోడివని ఇన్ని దినాలు భయపడితి. ఉత్త పోరనివేనా?"

"ఉత్త పోరన్నే అవ్వా."

"సరే తియ్యి. మా పోరికి ఉత్తోడైతేనే నయం, చెప్పినట్టు ఇంటడు." ఫోన్ మూసేలోగా ఇంకో మాట చేర్చింది. "సోమవారం బొట్టు పెట్టిద్దాం. ఆ దినం సాంచాలు నడుస్తయి. కింద భూమి ఏమన్న చేసుకోనీ, మనకు తెలవదు."

నర్సవ్వ ఫోన్ పెట్టేసింది. లైన్‌లో ఇద్దరే మిగిలారు. బయట వాన, కింద మగ్గాల మోత. ఇందుజ చెవికి ఫోన్ అదిమి పెట్టుకుంది.

"గాంధీనగర్‌ల సాంచాలు ఉంటయా?"

"మా ఆఫీసు దిక్కు లేవు. చాలా నిశ్శబ్దం."

"అయితే భూమి కొంచెం కదిలినా నాకు తెలుస్తది."

"తెలుస్తది."

"మంచిది" అంది ఇందుజ. "ఎవరన్నా కారణం అడిగితే, నీ పేరే చెప్త."