గోడవైపు తిరిగిన ఫాల్కో

మా కతానియా పట్నంలో చేపల బజారు వెనక ఒక సందు ఉంది. రాత్రి దీపాలు ఆర్పాక ఆ సందులో అడుగుపెట్టడానికి ఇప్పటికీ మావాళ్లకు గుండె చాలదు. ఒరాజియో మాస్టారి బొమ్మలాటశాల అక్కడే. ఆట ముగిసి, జనం ఇళ్లకు చేరాక... లోపల బొమ్మ తొడుక్కున్న రేకు కవచం చప్పుడయ్యేదట. ఖణేల్... ఖణేల్... ఆ తర్వాత ఏడుపు.

నేను వినలేదు. దెయ్యాల కోసం మేలుకునే ఓపిక నాకు లేదు. విన్నవాడు నెద్దు, నా పక్క కొట్టులో చేపలమ్ముతాడు. వాడు చెప్పిందే చెబుతున్నాను.

మా బొమ్మలాట ఒక్కరోజుతో అయ్యేది కాదు. ఒకే కథ రోజుకింత చొప్పున ఏళ్ల తరబడి సాగుతుంది. అందులో వీరుడు ఫాల్కో. ఇరవై ఏళ్లుగా ఆడవాళ్లనీ పసివాళ్లనీ కాపాడుతూనే ఉన్నాడు. కిందటి చలికాలం మాస్టారి ఏడేళ్ల కూతురు నెల్లా జ్వరంతో పోయింది. ఆ వేళ మాస్టారు ఆటలో ఉన్నారు, ఫాల్కో చేత ఎవరో రాణిని కాపాడిస్తున్నారు. ఇంటికి వెళ్లేసరికి అంతా అయిపోయింది.

అప్పట్నుంచి ఫాల్కో చెడిపోయాడు. కథలో వాడి కూతురూ చచ్చిపోయింది. రాజుగారి యుద్ధంలో చిక్కుకుని వాడు ఇంటికి చేరలేకపోయాడు. ఇక ఊళ్లు తగలబెట్టాడు, ప్రాణస్నేహితుణ్ణి వెనకనుంచి పొడిచాడు. జనం చెప్పులు విసిరారు. ద్రోహుల బొమ్మల్ని గోడవైపు తిప్పి వేలాడదీయడం మా ఆచారం. మాస్టారు ఫాల్కోనీ ఆ వరసలోనే తగిలించారు. ఒక సాయంత్రం ఆట చివర, రేపటి ఆటలో ఫాల్కో రాజుగారి పసివాణ్ణి చంపుతాడని చెప్పారు.

ఆ రాత్రి నెద్దుకి తిండి సహించలేదు.

"బొమ్మ కోసం బెంగేంటయ్యా! మా అమ్మ పోయినప్పుడు ఇంత ఏడవలేదు నువ్వు!" అంది పెళ్లాం.

బొమ్మని ఇటు తిప్పేస్తే తెల్లారేసరికి ఫాల్కో మనసు మారుతుందని వాడి నమ్మకం. నవ్వకండి, మా బజార్లో సగంమందికి అదే నమ్మకం.

సందులోకి వెళ్లాడు. తలుపు మీద చెయ్యి వేశాడు... లోపల ఖణేల్మంది. వెంటనే — చిన్నపిల్ల గొంతు. అయినా తలుపు తోశాడు.

ఒక్క దీపం వెలుగుతోంది. వేదిక పైన కట్టిన చెక్క మీద నిలబడి మాస్టారు బొమ్మని ఆడిస్తున్నారు. కింద బుల్లి మంచం, దాని మీద ఒక గుడ్డబొమ్మ. ఫాల్కో గబగబా నడిచి వస్తున్నాడు... గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడు. మళ్లీ మొదటినుంచి వస్తున్నాడు... మళ్లీ ఆగిపోతున్నాడు. మాస్టారు ఏడుస్తున్నారు.

"లోపలికి పోనివ్వండి మాస్టారూ..." గొణిగాడు నెద్దు.

మాస్టారు ఉలిక్కిపడలేదు. ఆ ఓపిక కూడా లేదు ఆయనకి.

"ఎలా పోతాడ్రా? పిల్ల పిలవాలిగా. అందరి గొంతులూ పలుకుతాను... దాని గొంతు మాత్రం నా నోట రావడం లేదు."

నెద్దు తలుపు వైపు తిరిగి చూశాడు.

"మరి... నేను బయట విన్నది?"

బొమ్మని ఆడించే చువ్వ పట్టుకున్న మాస్టారి చెయ్యి ఆగింది. "విన్నావా? ఏమంది? నీకు పుణ్యముంటుంది, చెప్పరా!"

"ఆలస్యమైనా పర్లేదు నాన్నా... రా, అంది."

మర్నాడు ఫాల్కో కత్తెత్తి పసివాడి ఉయ్యాల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కత్తి కింద పెట్టేసి అక్కడే కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ రాత్రి మాస్టారు వాణ్ణి ముందుకు తిప్పి తగిలించారు. ఆ చప్పుడు మళ్లీ ఎవరూ వినలేదు. అయినా నెద్దు మాత్రం పగలు కూడా ఆ సందులోకి పోడు.

మొన్న ఇద్దరం సార్డీన్ చేపలు శుభ్రం చేస్తుంటే నెద్దుని అడిగాను. "నిజం చెప్పరా. ఆ గొంతు నువ్వు కల్పించిందేగా?"

"గొంతు నిజమే," అన్నాడు తలెత్తకుండా. "మాటే మార్చాను."

"మరి ఏమంది?"

నెద్దు కత్తి పక్కన పెట్టాడు.

"నాన్న ఇంకా రాలేదేం... అంది."