శనివారం మానేసిన మాత్రలు

"ఈ నెల పిండాన్ని లోపల పెట్టలేమమ్మా" అని తిరుపతిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం ముందుకు జరిపినప్పుడు మోహన తల ఎత్తలేదు. ప్రొజెస్టెరాన్ ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదట. ఆ హార్మోను చాలకపోతే గర్భసంచి పిండాన్ని నిలుపుకోలేదట... ల్యాబులో గడ్డకట్టించి దాచిపెట్టిన పిండాలు భద్రంగానే ఉన్నాయి, వచ్చే నెల చూద్దాం అంటూ, మాత్ర ఒక్కపూటైనా మానారా అని ఆమె అడిగింది. పక్కన భర్త ఢిల్లీబాబు, వెనకాల అత్త వరదమ్మ. మోహన లేదంది. అయితే మందు ఒంటికి పట్టడం లేదు, ఈసారి రోజూ సూదులు కూడా వేయాలి అని రాసేసింది డాక్టరమ్మ.

మానింది ఒక్కపూట కాదు, మూడు పూటలు! మొన్న పెరటాసి నెల మొదటి శనివారం. పూతలపట్టులో వాళ్ళింట్లో ఆ నెల మొదటి, చివరి శనివారాల్లో వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అరిటాకు నిండా పులిహోర, వడలు పరిచి, బెల్లం కలిపిన పచ్చి బియ్యప్పిండితో దీపం చేసి, నెయ్యి పోసి వెలిగిస్తారు. ఆ దీపం కోడలి చేత చేయించాలని వరదమ్మ ముచ్చట. బొటనవేలితో పిండిలో గుంట నొక్కుతుంటే మోహనకూ చిన్నపిల్లలా సంబరమే! కానీ ఆ మాత్ర మింగేది కాదు, లోపల పెట్టుకునేది. కాసేపటికి కరిగి బట్టలకు అంటుతుంది. ఆ తడితో స్వామి ముందు ఎలా కూర్చోవడం? ఎవరిని అడగడం? శుక్రవారం రాత్రి ఒకటి, శనివారం రెండు, బీరువాలో చీరల కింద దాచేసింది.

బస్టాండులో ఢిల్లీబాబు తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నువ్వే గదమ్మా, దినమంతా ఒక్కపొద్దు ఉండమని సతాయించినావు. ఇప్పుడు సూడు."

వరదమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా తప్పే నాయనా. ఇంక మనింట్లో తళిగ వద్దు."

నలభై ఏళ్ళుగా ఒక్క ఏడాదీ తప్పని తళిగ... మోహన చేసిన పనికి ఆ తల్లి దేవుడినే వదులుకుంటోంది!

"అత్తా... నేనే మానేసినా" అంది బెంచీ అంచు పట్టుకుని. మూడు మాత్రల సంగతీ, ఆ తడితో స్వామి ముందు కూర్చుంటే మైలనుకున్న సంగతీ, చీరల కింద దాచిన సంగతీ నేలచూపులతోనే చెప్పింది. మరి డాక్టరమ్మ అడిగితే లేదని ఎందుకన్నావని భర్త నిలదీశాడు. "మీ ముందర ఎట్ల సెప్పేది?" అన్నప్పుడు ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు.

వరదమ్మ సంచీ చంకన పెట్టుకుని లేచింది.

"లెయ్. ఆయమ్మ ఇంకా ఆడే ఉంటాది. పోయి నిజం సెప్పొస్తాం. లేకుంటే ఊరికే సూదులు పొడిపించుకుంటావు." నాలుగడుగులు వేసి ఆగింది. "మనం దీపం పెట్టేది బిడ్డ కోసరమే గదా పాపా. ఆ మందూ దానికే. అది మైల ఎట్లయితాది?"

చివరి శనివారం నాటికి మళ్ళీ మాత్రలు మొదలయ్యాయి. సోమవారం రక్తపరీక్ష. తళిగ పరిచారు, బంధువులందరూ గోవింద కొట్టడానికి నిలబడ్డారు. వరదమ్మ చెయ్యెత్తింది.

"ఉండండప్పా. మా కోడలు మందు పెట్టుకోని రావల్ల."

ఏం మందు వదినా అని వరదమ్మ మరిది చిన్నబ్బ అడిగాడు.

"బిడ్డ నిలిచే మందు."

మోహన ముఖం సిగ్గుతో మండిపోయింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మాత్ర పెట్టుకుని పావుగంట కదలకుండా పడుకోవాలి. బయట ఒక్కరూ గోవింద అనలేదు, ఒక్క గిన్నె కదల్లేదు... పప్పు పోపు వాసన మాత్రం తలుపు సందులోంచి వస్తోంది. కన్నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే ఆ నిశ్శబ్దాన్నే వింటూ పడుకుంది.

బయటికి వచ్చేసరికి తళిగ చల్లారిపోయి ఉంది. పిండిదీపం వెలగలేదు. అగ్గిపెట్టె అత్త చేతిలోనే ఉంది.

"రా పాపా" అంది వరదమ్మ. "నువ్వే ముట్టించు."