ప్రీతి చెప్పని సాక్ష్యం

ఆదివారం ఉదయం పుంగనూరులో పాస్టరు భీమరావు ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ఉప్మా ఉడుకుతుంది, తెల్లచొక్కా ఇస్త్రీ అవుతుంది, పాస్టరుగారు ప్రసంగం గొణుక్కుంటారు. ఇరవై ఏళ్లలో చొక్కాలు మారాయి గానీ ప్రసంగం మారలేదని ఆయన భార్య రాణి అభిప్రాయం.

ఆ రోజు అంగళ్లు ఊరి కాలేజీ హాస్టలు నుంచి వచ్చిన కూతురు ప్రీతి మంచం దిగలేదు.

"నేను చర్చికి రానుమా."

"యాలమ్మా? జొరమా?"

"పోయిన వారం చర్చిలో దేవుడు చేసిన మేళ్లు చెప్పే సాక్ష్యాలప్పుడు నాయన ఏమన్నాడో అత్త కొడుకు చేతన్ చెప్పినాడు. నేను ఉపవాసముండి ప్రార్థన చేస్తే క్యాంపస్ ఉద్యోగమొచ్చిందంట! నేను మోకాళ్లేసి ఏడాదయింది. ఉపవాసమంటావా, హాస్టలు సాంబారు చూసి మానేసిన పూటలే."

రాణి నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది. భీమరావు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు.

"మేం చేసినాం కదమ్మా ప్రార్థన. నీ పేరుతో చెప్తే ఏమయింది?"

"అబద్ధమయింది నాయనా. కాలేజీలో ఎవురి సత్యం వాళ్లదంటాండారు. జవాబు చెప్పడం నాకు రాదు. నిన్నడిగితే అనుమానం సైతాను పనంటివి. నా నోరు మూసి, నా సాక్ష్యం నువ్వే చెప్తివి."

"సంఘం ముందర నా పరువేం కావాల?"

భీమరావు తల్లి చిన్నక్క వాకిట్లోంచే అందుకుంది. "మీ నాయన కూలికి పోతా దోవంతా దేవుణ్ణి నిలదీసేవాడురా. అట్ల అడిగి అడిగే నమ్మినాడు. నువ్వు అడిగేవోళ్లని తరిమేసి ఎవురికి చెప్తావప్పా?"

భీమరావు ఉప్మా ముట్టకుండా వెళ్లిపోయాడు.

అవ్వను చెయ్యి పట్టుకుని నడిపించే వంకతో ప్రీతి చర్చికి వచ్చి చివరి వరుసలో కూర్చుంది. సాక్ష్యాల సమయంలో పాస్టరే మైకు ముందుకొచ్చాడు.

"పోయిన వారం నా కూతురి పేరుతో అబద్ధం చెప్పినాను. నా బిడ్డ కాడ ఉండేవి ప్రశ్నలు. నేను వినలేదు. క్షమించండి." చేతిలో బైబిలు మూసేశాడు. "ఈ పొద్దు ప్రసంగం లేదు. అడగండి."

ప్రీతి కళ్లు తుడుచుకుంటూ లేచింది.

"ఎవురి సత్యం వాళ్లదే అయితే, మా నాయన ఇప్పుడు తలొంచాల్సిన పనేముంది? మనందరికన్నా పెద్ద సత్యం ఉండబట్టే కదా! ఏడాదిగా వెతుకుతాండా. ఇప్పుడే కండ్లారా చూసినా."

"ఆమెన్!" అని చిన్నక్క అరిచిన అరుపుకు మైకు అవసరం లేకపోయింది. సంఘమంతా లేచి చప్పట్లు కొట్టింది. భీమరావు దిగి వచ్చి కూతుర్ని హత్తుకున్నాడు.

"ఇంకెవురన్నా అడుగుతారా?"

పదకొండు చేతులు లేచాయి. అన్నింటికన్నా పైకి లేచింది రాణి చెయ్యి.